నొక్కి చూస్తే తెలిసేది ఎంత?

సంక్రాంతికి అరిసెల పాకం పట్టేటప్పుడు మా అమ్మమ్మ పొయ్యి పక్కనే చిన్న గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకునేది. గరిటె అంచుతో కాస్త పాకం తీసి ఆ నీళ్లలో వేసేది. చూపుడువేలితో దాన్ని దగ్గరికి జరిపి, బొటనవేలు కలిపి ఉండ చేసి, ఒక్కసారి నొక్కేది. ఉండ నిలిచి, నొక్కగానే మెత్తగా అణిగితే "దించెయ్" అనేది. ఇంకొంచెం ఆగితే పాకం ముదిరి అరిసెలు రాళ్లవుతాయి. ఎంత బలంతో నొక్కిందో, ఎంత అణిగిందో ఆవిడ ఎప్పుడూ లెక్కల్లో చెప్పలేదు. అడిగితే "చేతికి తెలుస్తుందిలే" అనేది.

డాక్టరు పొట్ట మీద వేళ్లు పెట్టి నొక్కినప్పుడూ, ఫిజియోథెరపిస్టు మెడ తడిమి "ఇక్కడ పట్టేసింది" అన్నప్పుడూ జరిగేది అదే. చేతికి తెలుస్తుంది. చేతికి తెలిసినదాన్ని అంకెగా మార్చడానికి ఇంజినీర్లు ఎన్నో ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. నొక్కి చూసే మీటర్లు వచ్చాయి, పీల్చి చూసేవి వచ్చాయి, తట్టి చూసేవి, వణికించి చూసేవి కూడా వచ్చాయి. ఇన్ని రకాలు ఎందుకు కావలసి వచ్చాయన్నదే అసలు చిక్కు. గట్టిదనం అనేది ఒంట్లో ఎక్కడో దాక్కున్న ఒకే ఒక్క అంకె అయితే, జ్వరానికి థర్మామీటరులాగా దానికీ ఒక్క పరికరం సరిపోయేది.

ముందు మన మాటల్లోనే ఎంత కలగాపులగం ఉందో చూడండి. మెడ పట్టేసింది అంటాం. పిక్క బిగుసుకుపోయింది అంటాం. కాలి చర్మం మందమెక్కింది, పొట్ట రాయిలా ఉంది అంటాం. పట్టేసిన మెడలో ఎక్కువ భాగం నొప్పి, తిప్పితే ఏమవుతుందోనన్న భయం. బిగుసుకున్న పిక్కలో కండరం నిజంగానే ముడుచుకుని ఉంటుంది. మందమెక్కిన చర్మంలో కొల్లాజెన్ అనే ప్రోటీను పీచు ఎక్కువగా పేరుకుంటుంది. రాయిలాంటి పొట్టలో లోపల వాచిన భాగాన్ని కాపాడుకోవడానికి కండరాలు తమంతట తామే బిర్రబిగుస్తాయి. నాలుగింటికీ కారణాలు వేరు, మందులు వేరు. వేలికి మాత్రం నాలుగూ "గట్టిగా" ఉన్నట్టే తగులుతాయి.

చేతికి జ్ఞాపకం ఉండదు

స్క్లెరోడెర్మా అని ఒక జబ్బు ఉంది. చర్మం నెమ్మదిగా బిగిసి, తోలులా అతుక్కుపోతుంది. పిడికిలి పూర్తిగా పట్టదు, నోరు పెద్దగా తెరుచుకోదు. జబ్బు ఎంత ముదిరిందో చూడటానికి డాక్టర్లు వాడేది రాడ్నన్ స్కోరు. ముఖం నుంచి పాదాల దాకా 17 చోట్ల చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి మడతపెట్టి చూస్తారు. మామూలుగా ఉంటే 0, కాస్త మందంగా ఉంటే 1, ఇంకా ఉంటే 2, అసలు పట్టుకోవడానికే చిక్కకపోతే 3. మొత్తం కలిపితే ఎక్కువలో ఎక్కువ 51. కొత్త మందు పనిచేస్తోందా లేదా అన్నది పరీక్షించే అధ్యయనాల్లో కూడా ఈ వేళ్ల లెక్కే ఆధారం.

పక్షవాతం వచ్చినవాళ్ల చేతులు, కాళ్లు బిగుసుకుపోతే దానికి ఆష్‌వర్త్ స్కేలు ఉంది. 1964లో వచ్చింది. 1987లో సవరించి, 1కీ 2కీ మధ్య "1+" అని ఒక మెట్టు చేర్చారు. మెట్ల మధ్య మెట్టు పెట్టాల్సి వచ్చిందంటేనే, చేతికి తెలుస్తున్నదానికి ఆ స్కేలు చాలడం లేదని అర్థం.

అనుభవమున్న చేతిని నేనేమీ తక్కువ చేయడం లేదు. దాని ఇబ్బంది వేరే చోట ఉంది. జనవరిలో ఈ ముంజేయి ఎంత గట్టిగా ఉందో జూలైలో గుర్తుండదు. ఒక డాక్టరు 1 వేసిన చోట ఇంకో డాక్టరు 2 వేస్తారు, ఇద్దరిదీ తప్పు కాదు. మందు కలిగించే మార్పు ఆ తేడాకంటే చిన్నదైతే, మందు పనిచేసినా చేయనట్టే కనిపిస్తుంది. మీటరు అవసరం వచ్చింది ఇక్కడే.

బలం, లోతు, ఇంకా చాలా

స్ప్రింగుని ఎంత బలంతో లాగితే అంత సాగుతుందని 1678లో రాబర్ట్ హుక్ చెప్పాడు. నొక్కిన బలాన్ని దిగిన లోతుతో భాగిస్తే వచ్చేది ఆ స్ప్రింగు గట్టిదనం. మీటరుకి ఇన్ని న్యూటన్లు అని లెక్క చెబుతారు. చర్మాన్నీ అలాగే నొక్కి భాగిస్తే సరిపోదా?

సరిపోదు. గోరు కొనతో నొక్కితే చర్మం లోపలికి దిగిపోతుంది. అదే బలంతో అరచేత్తో అదిమితే కదలనట్టే ఉంటుంది. చర్మం అదే, బలం అదే, లోతు వేరు. అంటే భాగిస్తే వచ్చిన అంకెలో సగం పెత్తనం నొక్కిన కొనదే. చర్మానికి మాత్రమే చెందిన గుణం కావాలంటే, చదరపు మీటరుకి ఎంత బలం పెడితే ఎన్నో వంతు నలుగుతుందో తెలియాలి. ఇంటర్‌లో యంగ్ గుణకం అని చదువుకున్నది ఇదే. మెత్తటి కణజాలానికి దీన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు. మొదటి అంకె నుంచి రెండోదానికి వెళ్లాలంటే కొన ఆకారం, తగిలిన వైశాల్యం, పొర మందం, కింద ఏముంది అన్నవన్నీ తెలిసి ఉండాలి. 

కింద ఏముంది అన్నది ఎంత పెద్ద విషయమో ఇంట్లోనే చూడొచ్చు. వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే, దాని మీద బొటనవేలు పెట్టి 500 గ్రాములు చూపించేదాకా నొక్కండి. అది సుమారు 5 న్యూటన్ల బలం. ఐదారుసార్లు చేస్తే చెయ్యి అలవాటు పడుతుంది. ఇప్పుడు అదే బలంతో మోకాలి కింద ముందువైపు, ఎముక మీద నొక్కండి. తర్వాత వెనకవైపు పిక్క మీద, కాలు వదులుగా పెట్టి నొక్కండి. చివరగా మునివేళ్ల మీద లేచి నిలబడి అదే పిక్కని నొక్కండి. మొదటి చోట దాదాపు ఏమీ దిగదు, రెండో చోట వేలు మునిగిపోతుంది, మూడోసారి మళ్లీ బండలా తగులుతుంది. మొదటిసారి మీరు కొలిచింది ఎముకని. రెండోసారి కొవ్వునీ వదులు కండరాన్నీ కలిపి. మూడోసారి పనిచేస్తున్న కండరాన్ని. ఈ మూడింటిలో చర్మం గురించి తెలిసింది దాదాపు సున్నా.

మెత్తటి పొర కింద గట్టిది ఉన్నప్పుడు, పొర మందంలో పదో వంతు దాటకుండా నొక్కితేనే కింది దాని ప్రభావం అంతగా పడదని ఇంజినీర్ల మోటు లెక్క. చర్మం మందం చాలా చోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లే. అందులో పదో వంతు అంటే రెండు మూడు వెంట్రుకల మందం. అంత తక్కువ లోతులో ఊపిరి తీసినా రీడింగు కదులుతుంది. ఎక్కువ లోతు నొక్కి, కింది పొర ప్రభావాన్ని లెక్కకట్టి తీసేయడం ఇంకో దారి. 1972లో హేస్, ఆయన సహచరులు కీళ్లలోని మృదులాస్థి కోసం అలాంటి లెక్క ఒకటి కట్టారు. ఎముకకి అంటుకుని ఉన్న పలచటి పొరని గుండ్రటి కొనతో నొక్కితే ఎంత దిగుతుందన్నది ఆ లెక్క. చర్మం, కండరం మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ దాన్నే తిప్పి తిప్పి వాడుతున్నారు.

చెప్పుల మీటరు పాదానికి

అన్నిటికంటే మొరటు పరికరం డ్యూరోమీటరు. 1920ల్లో అమెరికాలో ఆల్బర్ట్ షోర్ రబ్బరు గట్టిదనం కొలవడానికి తయారుచేశాడు. అరచేతిలో పట్టేంత గుండ్రటి డయలు, అడుగున స్ప్రింగుకి బిగించిన చిన్న మొన. రబ్బరు మీద ఆనిస్తే, మొన ఎంత లోపలికి దిగితే అంకె అంత తక్కువ, దిగకపోతే 100. మామూలు రబ్బరుకి వాడే "A" రకంలో స్ప్రింగు బలం 8 న్యూటన్ల దాకా ఉంటుంది, అంటే ముప్పావు కిలో పైనే. మెత్తటి వాటికి వాడే "OO" రకంలో గుండ్రటి మొన, బలం ఒక్క న్యూటన్ చిల్లర. స్క్లెరోడెర్మా రోగుల చర్మం మీద కూడా దీన్ని వాడి చూశారు.

మన దగ్గర ఈ మీటరుకి ఒక ముచ్చటైన ఉపయోగం ఉంది. షుగరు వల్ల గానీ కుష్ఠు వల్ల గానీ పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకి ఎంసీఆర్ చెప్పులు వేసుకోమంటారు. ఎంసీఆర్ అంటే మైక్రోసెల్యులర్ రబ్బరు. అది ఈ మీటరు మీద సుమారు 15, అంటే 15 షోర్ దగ్గర ఉండేలా మెత్తగా తయారుచేస్తారు. షుగరుతో నరాలు దెబ్బతిన్నవాళ్ల అరికాలు క్రమంగా గట్టిపడుతుంది. గట్టిపడిన చోట నడకలో ఒత్తిడంతా ఒకే దగ్గర పడి పుండు పడుతుంది. ఐఐటీ మద్రాసు పరిశోధకులు అరికాలి గట్టిదనాన్నీ, చర్మం మందాన్నీ, చెప్పునీ కలిపి చూసి, పాదం కింద ఒత్తిడి ఎలా మారుతుందో రాశారు. చెప్పుకీ పాదానికీ ఒకే మీటరు, ఒకే స్కేలు. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన విషయం ఇది. ఎందుకంటే ఇక్కడ ఎవరూ కిలోపాస్కల్స్ కోసం పాకులాడలేదు. చెప్పు కంటే పాదం గట్టిగా ఉందా అన్నదే కావాలి, దానికి ఈ మొరటు మీటరు చాలు.

పీల్చే పరికరాలు ఇంకో రకం. వాటిలో అందరికీ తెలిసింది జర్మనీలోని కొలోన్‌లో తయారయ్యే క్యుటోమీటరు. చర్మానికి ఆనించే ప్రోబు చివర 2 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, గాలి లాగి చర్మాన్ని లోపలికి పీలుస్తుంది. ఎంత పైకి లేచింది, వదిలాక ఎంత వెనక్కి వెళ్లింది, ఎంత మిగిలిపోయింది అన్నది కాంతితో చూస్తుంది. పైకి లాగడం వల్ల కింద ఉన్న కండరం, ఎముక గొడవ చాలావరకు తప్పుతుంది. వయసు పైబడితే లేచిన చర్మం వెనక్కి వెళ్లడానికి బద్ధకిస్తుంది. అందుకే సౌందర్య సాధనాల కంపెనీలకి ఇది ముద్దు. "సాగే గుణం ఇంత శాతం పెరిగింది" అనే ప్రకటనల వెనక చాలాసార్లు ఇలాంటి కొలతే ఉంటుంది. అయితే ఏ మాయిశ్చరైజర్ రాసినా పై పొర తేమ పీల్చుకుని కొన్ని గంటలు మెత్తబడుతుంది, రీడింగు మారుతుంది. ఎండిన అప్పడం తడిస్తే వంగినట్టు. దాన్ని చర్మం యవ్వనం అనడం నాకు మింగుడుపడదు.

ఇక్కడే ఇంకో సంగతి. చర్మం అన్ని వైపులా ఒకేలా సాగదు. 1861లో కార్ల్ లాంగర్ శవాల చర్మానికి గుండ్రటి పొడుపులు పొడిస్తే, అవి గుండ్రంగా ఉండకుండా కోలగా సాగాయి. లోపలి పీచు ఒక దిక్కుకి పరుచుకుని ఉంటుంది. సర్జన్లు ఇప్పటికీ కోత పెట్టేటప్పుడు ఆ గీతల వాటం చూసుకుంటారు. గుండ్రంగా పీల్చే పరికరం ఆ దిక్కులన్నిటినీ కలిపేసి ఒక్క అంకె ఇస్తుంది.

తట్టి వదిలేస్తే

కండరం దగ్గరికి వచ్చేసరికి నొక్కి ఉంచడం కంటే తట్టి వదలడం మేలని ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో ఆర్వెద్ వైన్ అనుకున్నాడు. ఆ ఆలోచనలోంచి వచ్చిందే మయోటాన్. చూడటానికి లావుపాటి టార్చిలైటులా ఉంటుంది. ముందుగా 0.18 న్యూటన్ల బలంతో, అంటే 18 గ్రాముల బరువుతో చర్మాన్ని తాకి, పైనున్న మెత్తటి పొరల్ని కాస్త సర్దుతుంది. ఆపైన 0.4 న్యూటన్లతో 15 మిల్లీసెకన్ల పాటు, అంటే కనురెప్ప వేసేంతలో చాలా చిన్న భాగం, ఒక్క తట్టు తట్టి వదిలేస్తుంది. కండరం ఊగుతుంది. గంట కొట్టాక మోగినట్టు ఆ ఊగుడు క్రమంగా చచ్చిపోతుంది. లోపలున్న యాక్సిలరోమీటరు, మన ఫోను తిప్పితే తెర తిరిగేలా చేసేలాంటిదే, ఆ ఊగుడుని రాసుకుంటుంది. ఎన్ని సార్లు ఊగింది అన్నదాన్ని బట్టి బిగువు, ఎంత త్వరగా ఆగింది అన్నదాన్ని బట్టి స్ప్రింగు గుణం, తట్టుకి ఎంత ఎదురు తిరిగింది అన్నదాన్ని బట్టి గట్టిదనం లెక్కకడుతుంది. పైకి తగిలే కండరాలకి ఇది బాగా పనికొస్తుంది. మధ్యలో కొవ్వు పొర మందంగా ఉంటే తట్టు అక్కడే ఆవిరైపోతుంది, లోతు కండరాలు దీనికి అందవు.

2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగామి అలెగ్జాండర్ గెర్స్ట్ ఈ పరికరాన్ని తన ఒంటి మీదే వాడాడు. బరువు తెలియని చోట నెలల తరబడి ఉంటే ఏ కండరం ఎంత వదులవుతుందో చూడటం అక్కడి పని. పెద్ద స్కానింగ్ యంత్రం పట్టని చోట టార్చిలైటు పట్టింది.

నా మెడకి కూడా ఇలాంటి యంత్రం ఒకసారి తగిలింది. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని పట్టేస్తే ఒక ఫిజియోథెరపీ సెంటరుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు మెడకి రెండు పక్కలా ప్రోబు ఆనించి టక్ టక్ మనిపించాడు. కుడి 287, ఎడమ 341. తెర మీద ఎడమ వైపు ఎర్రగా వెలిగింది. "ఎడమ పక్క 19 శాతం ఎక్కువ బిగుసుంది సార్, పది సిట్టింగులు పడుతుంది" అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. ఈసారి గడ్డం కొంచెం పైకి ఎత్తి కూర్చున్నాను, ప్రోబు ఒక వేలెడు పక్కకి పడింది. ఎడమ వైపే 298 వచ్చింది. కుర్రాడు నవ్వి "మెషిన్ అప్పుడప్పుడు అలా చూపిస్తుంది సార్" అన్నాడు.

మెషిన్ తప్పేం లేదు. తల వంచితే మెడ వెనక కండరం సాగుతుంది, సాగిన కండరం గట్టిగా తగులుతుంది. పిక్క కండరమూ అంతే, పాదం పైకి లాగితే ఒక అంకె, కిందికి వేలాడేస్తే ఇంకొకటి. వేలెడు పక్కకి జరిగితే కండరం మధ్యలోని లావు భాగం నుంచి దాని అంచుకి, అక్కడి నుంచి ఎముక దగ్గరికి వెళ్లిపోతాం. నాకు పది సిట్టింగుల అవసరం లేకపోయి ఉండొచ్చని కాదు, ఉన్నా ఆ అంకె దానికి సాక్ష్యం కాదని.

రవ్వ ముద్ద పాఠం

మృదంగం కచేరీకి ముందు విద్వాంసులు ఎడమ వైపు, తొప్పి మీద, తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. ముద్ద పడగానే గుమ్మనే మంద్రం వస్తుంది. చర్మానికి బరువు తోడై, అది ఊగే వేగం తగ్గుతుంది. వణికే వస్తువుకి ఏదైనా అంటుకుంటే దాని శ్రుతి మారుతుందన్న ఈ సంగతి మీదే ఒక తరహా స్పర్శ సెన్సర్లు మొత్తం నడుస్తాయి.

జపాన్‌లోని నిహోన్ విశ్వవిద్యాలయంలో ఒమాటా, టెరునుమా అనే ఇద్దరు 1992లో దీన్ని బయటపెట్టారు. పేరులోనే "మనిషి చేతి లాంటి" అని పెట్టుకున్నారు. నొక్కితే కరెంటు పుట్టించే, కరెంటిస్తే వణికే పీజో ముక్కకి కరెంటిచ్చి, దాని సొంత శ్రుతిలో సెకనుకి వేల సార్లు వణికిస్తారు. దాని కొన చర్మానికి ఆనితే శ్రుతి మారుతుంది. మెత్తటి కణజాలమైతే రవ్వ ముద్దలా అంటుకుని తనూ ఊగుతుంది, శ్రుతి దిగుతుంది. గట్టిదైతే స్ప్రింగులా ఎదురు నెడుతుంది, శ్రుతి ఎక్కుతుంది. వినడానికి చాలా అందంగా ఉంది. చిక్కల్లా, ఎంత కణజాలం అంటుకుందన్నది ఎంత వైశాల్యం తగిలిందన్నదాని మీద ఆధారపడుతుంది. గట్టిగా అదిమితే ఎక్కువ వైశాల్యం, మెల్లగా ఆనిస్తే తక్కువ. మళ్లీ కొన పెత్తనమే.

స్వీడన్‌లోని ఉమెయోలో ఒలోఫ్ లిండాల్ బృందం ఈ లోపాన్నే ఉపాయంగా మార్చుకుంది. శ్రుతి మార్పు వైశాల్యాన్ని చెబుతోంది కదా, అయితే దాన్ని వైశాల్యం కొలిచే టేపులా వాడుకుందాం, బలానికి వేరే సెన్సర్ పెడదాం అనుకున్నారు. నొక్కుతూ పోతే బలం పెరుగుతుంది, వైశాల్యమూ పెరుగుతుంది. మెత్తటి చోట కొంచెం బలానికే వైశాల్యం బాగా విస్తరిస్తుంది. గట్టి చోట బలం పెరిగినా వైశాల్యం పెరగదు. ఈ రెండూ ఏ నిష్పత్తిలో పెరిగాయన్నదే గట్టిదనం. ప్రోస్టేట్ కణజాలంలో గట్టి భాగాల్ని వెతకడానికీ, కంటి లోపలి ఒత్తిడి కొలవడానికీ దీన్ని వాడి చూశారు.

ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మ బొటనవేలే గుర్తొచ్చింది. ఎందుకంటే మన వేలు చేసేదీ సరిగ్గా ఇదేనని 1995లో మండయం శ్రీనివాసన్, రాబర్ట్ లామోట్ చూపించారు. మెత్తటి రబ్బరు ముక్కల్ని జనం చేతికిచ్చి ఏది ఎక్కువ మెత్తన అని అడిగితే, వేలిని తాము కదపకుండా, ముక్కనే వచ్చి వేలికి తగిలేలా చేసినా సరిగ్గా చెప్పగలిగారు. కానీ పైన గట్టి పలక, కింద స్ప్రింగు ఉన్న ముక్కలిస్తే, తాము స్వయంగా నొక్కితే తప్ప చెప్పలేకపోయారు. పలక గట్టిది కాబట్టి వేలి చుట్టూ ఒదగదు, తగిలే వైశాల్యం మెత్తదనాన్ని బట్టి మారదు. మెత్తటి వస్తువు వేలి కొనకి చుట్టుకునే తీరులోనే దాని మెత్తదనం చర్మానికి తెలుస్తుందన్నమాట.

సెన్సర్ లోపల ఏముంటుందో కూడా వేలిని చూసే అర్థం చేసుకోవచ్చు. వంటింటి కాటాలో ఉండేది స్ట్రెయిన్ గేజ్. లోహపు ముక్క వంగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, బరువు ఉన్నంతసేపూ చెబుతూనే ఉంటుంది. వేలిలో స్పర్శని పట్టే మెర్కెల్ కణాలది అదే తీరు. గ్యాస్ లైటరులో ఉండేది పీజో. టక్కుమని నొక్కగానే నిప్పురవ్వ పుడుతుంది, నొక్కి పట్టుకుంటే ఇంకో రవ్వ రాదు. మార్పు వస్తేనే పలుకుతుంది. వేలిలో వణుకుని పట్టే పాసినియన్ కణికలదీ ఇదే స్వభావం, సెకనుకి 250 వణుకుల దగ్గర అవి అన్నిటికంటే చురుగ్గా ఉంటాయి. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాల్లో కనిపెట్టిన ఈ గుణానికీ, 2021లో నోబెల్ అందుకున్న అర్డెమ్ పటాపూటియన్ మన కణాల్లో కనిపెట్టిన పీజో ప్రోటీన్లకీ పేరు ఒకటే. నొక్కడం అనే అర్థమున్న గ్రీకు మాట. అసలు వేలు ఈ రెండు రకాల్నీ పక్కపక్కనే పెట్టుకుని, రెండిటి మాటా ఒకేసారి వింటుంది. చాలా పరికరాలు ఏదో ఒకదాంతోనే కాలక్షేపం చేస్తున్నాయి.

రోబో సర్జరీలో ఈ లోటు బాగా తెలిసొచ్చింది. చిన్న రంధ్రాల్లోంచి పనిముట్లు పంపి, తెర చూస్తూ కోసే సర్జనుకి కింద గడ్డ గట్టిగా ఉందో మెత్తగా ఉందో చేతికి తగలదు. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ 5 అనే సర్జరీ రోబోలో పనిముట్టు మీద పడే బలం సర్జను చేతికి తెలిసే ఏర్పాటు చేశారు. బలం మాత్రమే. చుట్టుకునే ఆ స్పర్శ ఇంకా లేదు.

లోపలికి అల పంపితే?

కాలేయానికి ఫైబ్రోస్కాన్ చేయించుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. పక్కటెముకల మధ్య టప్ టప్ మని తడుతుంది. ఆ తట్టుకి లోపల అల పుట్టి కాలేయంలోకి వెళుతుంది. అల్ట్రాసౌండు దాని వెంటపడి వేగం చూస్తుంది. గట్టి కణజాలంలో అల త్వరగా పోతుంది. వేగాన్ని వర్గం చేసి మూడుతో గుణిస్తే, సాంద్రత నీళ్లంతే అనుకుంటే, కిలోపాస్కల్స్ వస్తాయి. సెకనుకి 1 మీటరైతే 3 కిలోపాస్కల్స్, 2 మీటర్లైతే 12. చూడండి, వేగం రెట్టింపైతే గట్టిదనం నాలుగింతలైంది. 

ఆ "మూడు" ఎక్కడిది? కణజాలం అన్ని దిక్కుల్లో ఒకేలా ఉంటుందనీ, నొక్కితే ఘనపరిమాణం తగ్గదనీ అనుకుంటే వస్తుంది. కాలేయానికి ఆ అంచనా దాదాపు నడుస్తుంది. కండరానికి నడవదు. కండరం చీపురుకట్టలాంటిది, పుల్లల వెంట అల ఒక వేగంతో, అడ్డంగా ఇంకో వేగంతో పోతుంది. అందుకే కండరం మీద పనిచేసే చాలామంది పరిశోధకులు కిలోపాస్కల్స్ జోలికి పోకుండా, ప్రోబు ఏ దిక్కుగా పెట్టామో చెప్పి, అల వేగం మాత్రం రాసి వదిలేస్తారు. నిజాయితీ అంటే అది.

ఇంకో కోణం కాలం. పాకాన్ని నీళ్లలో వేసి వెంటనే నొక్కితే ఒకలా, అరనిమిషం ఆగితే ఇంకోలా ఉంటుంది. కణజాలం చల్లారి గట్టిపడదు గానీ, అందులో నీరుంది. నెమ్మదిగా నొక్కితే నీరు పక్కకి జారుకుంటుంది, త్వరగా నొక్కితే జారుకునే తీరిక లేక ఎదురు తిరుగుతుంది. వాచిన కాలిని బొటనవేలితో నొక్కి తీస్తే గుంట మిగిలిపోవడం అందుకే. పక్షవాతం వచ్చిన చేతిలో ఇది ఇంకా తిరకాసు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నొక్కితే కండరం మామూలుగానే ఉండొచ్చు. మోచేతిని చటుక్కున చాపితే మాత్రం నరాల ప్రతిస్పందనతో టక్కున పట్టేస్తుంది. ఎంత వేగంగా చాపితే అంత గట్టిగా. నొక్కే మీటరు ఎంత ఖరీదైనదైనా ఆ పట్టు దానికి కనపడదు. అక్కడ మోచేతిని పట్టుకుని చాపే చెయ్యే కావాలి.

అందుకే ఒక పరికరం 20 షోర్ అని, ఇంకోటి మీటరుకి 300 న్యూటన్లని, మరోటి 12 కిలోపాస్కల్స్ అని చెబితే, ఏది సరైనదని అడగడం దండగ. ఒకటి మొన దిగనందుకు వేసిన మార్కు, ఒకటి తట్టుకి వచ్చిన జవాబు, ఒకటి అల వేగం నుంచి ఊహించిన లెక్క. ఒకే ఊరికి వెళ్లొచ్చిన ముగ్గురిలో ఒకరు బస్సు చార్జీ, ఇంకొకరు ప్రయాణం పట్టిన గంటలు, మూడోవారు కిలోమీటర్లు చెప్పినట్టు ఉంటుంది. చర్మం యంగ్ గుణకం ఎంత అని పుస్తకాల్లో వెతికితే కొన్ని కిలోపాస్కల్స్ నుంచి మెగాపాస్కల్స్ దాకా, వెయ్యింతల తేడాతో అంకెలు దొరకడానికి కారణం ఇదే. మెల్లగా నొక్కి చూసినవాళ్లకి తక్కువ, చర్మం ముక్కని కత్తిరించి రెండు పక్కలా పట్టి లాగినవాళ్లకి ఎక్కువ. ముడతలుగా ఉన్న కొల్లాజెన్ పీచు లాగేకొద్దీ నిటారై, తాడులా బిగుస్తుంది కాబట్టి.

ఈ మీటర్లు నిజంగా అక్కరకొచ్చేది ఒకే మనిషిని, ఒకే చోట, ఒకే పరికరంతో, మళ్లీ మళ్లీ చూసినప్పుడు. మన గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసిన బోదకాలునే తీసుకోండి. మొదట్లో వాపు నీటిది, నొక్కితే గుంట పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పీచు పేరుకుని గుంట పడటం మానేస్తుంది. అప్పటికి కాలు వెనక్కి రావడం కష్టం. రెండిటి మధ్య దశని ముందే పట్టుకోవాలని, నొక్కి చూసే చిన్న పరికరాలు తయారయ్యాయి. వాపు బయటికి కనిపించని దశలోనే తేడా ఏమైనా దొరుకుతుందేమోనని మయన్మార్‌లో యువజనుల కాళ్ల మీద ఇలాంటి పరికరాన్ని వాడారు. రోజూ కాలు కడుక్కుని, తుడుచుకుని, ఎత్తు మీద పెట్టుకుని పడుకునే మనిషికి మూడు నెలల తర్వాత ఏమైనా మెత్తబడిందా అన్నది ఆ పరికరం చెప్పగలదు. కిలోపాస్కల్స్ ఎవరికీ అక్కర్లేదు, పోయినసారి కంటే తక్కువా ఎక్కువా అంతే.

దానికోసం కొలిచేవాళ్లు చేసే మొదటి పని ప్రోబు తీయడం కాదు. రోగిని పదినిమిషాలు పడుకోబెడతారు. మోకాలి కింద తలగడ పెట్టి, ప్రతిసారీ అదే వంపులో ఉంచుతారు. చీలమండ ఎముక నుంచి టేపుతో కొలిచి, ఎన్ని సెంటీమీటర్లో కాగితం మీద రాసుకుని, ఆ చోట పెన్నుతో చిన్న చుక్క పెడతారు. ఆ తర్వాతే మీటరు ఆనిస్తారు.